అయస్కాంత క్షేత్రంలో ఆవేశిత కణాల శూన్యశక్తి: కటాఫ్ మారిస్తే జవాబు ఎందుకు మారుతోంది?

శూన్యబిందువు:
రెండు సమాంతర పలకలు, మధ్య దూరం ఏ. పలకలకు లంబంగా ఏకరీతి అయస్కాంత క్షేత్రం బి. లోపల ఆవేశం ఉన్న స్కేలార్ క్షేత్రం, పలకల మీద డిరిక్లే షరతు (అక్కడ క్షేత్రం విలువ సున్నా). ఈ చర్చకు హెచ్‌బార్, కాంతివేగం రెండూ 1 అనుకుందాం. శక్తి స్థాయిల సూత్రం తెలిసిందే:

ω² = ఎం² + (2ఎన్+1)·ఈ·బి + (π·ఎల్/ఏ)²

ఎన్ = 0, 1, 2…; ఎల్ = 1, 2, 3… ఎం కణం ద్రవ్యరాశి, ఈ దాని ఆవేశం. ప్రతి లాండౌ స్థాయిలోనూ (అంటే ఒక్కో ఎన్ విలువకీ) యూనిట్ వైశాల్యానికి ఈ·బి/2π స్థితులు. ఎన్‌కి ఒక గరిష్ఠం, ఎల్‌కి ఒక గరిష్ఠం (కటాఫ్) పెట్టి మొత్తం వేసి, అందులోంచి ఎల్ మీద సమాకలనాన్ని తీసేస్తే కాసిమిర్ భాగం, అంటే పలకల వల్ల శూన్యశక్తిలో వచ్చే మార్పు, మిగలాలి. మిగలడం లేదు. ఎల్ గరిష్ఠం రెట్టింపు చేస్తే జవాబూ దాదాపు రెట్టింపు అవుతోంది, పైగా ప్లస్ గుర్తుతో వస్తోంది. ద్రవ్యరాశి సున్నా పెట్టినా ఇదే తంతు. లోపం సూత్రంలో ఉందా, కూడే పద్ధతిలోనా? ఇంకో సందేహం: క్షేత్రం పెరిగితే ఆకర్షణ పెరుగుతుందని ఒకచోట, తగ్గుతుందని ఇంకోచోట ఉంది. ఏది నిజం?

బెసెల్‌బాబు:
సూత్రం సరైనదే, తేడా కూడే పద్ధతిలో ఉంది. ఎల్‌ని ఒక చోట ఠక్కున కోసేస్తే ఆయిలర్–మెక్లారిన్ సూత్రం ప్రకారం పై అంచు దగ్గర సగం పదం మిగిలిపోతుంది. ఆ పదం విలువ సుమారు π·ఎల్‌గరిష్ఠం/2ఏ. మీకు కనిపిస్తున్న ప్లస్ గుర్తు, రెట్టింపు పెరుగుదల అదే. దానికి భౌతికార్థం ఏమీ లేదు, మీరు కత్తిరించిన అంచు అది.

కటాఫ్ వాడాలనే ఉంటే ఎన్‌కి వేరు, ఎల్‌కి వేరు పెట్టకండి. ప్రతి పదాన్నీ దాని సొంత ω ఆధారంగా నున్నగా తగ్గించండి, అంటే ఘాతం(−ε·ω)తో గుణించండి. అప్పుడు మూడు రకాల పదాలు విడిపోతాయి:

– ఏకి అనులోమంగా ఉండేది. ఇది పలకలు లేకున్నా ఉండే ఘనపరిమాణ శక్తి.
– ఏ మీద అసలు ఆధారపడనిది. ఇది పలకల ఉపరితల శక్తి. ఒక్కో లాండౌ స్థాయికి ఒక్కో పలక దగ్గర మైనస్ గుర్తుతో కొంత వస్తుంది, మొత్తం వేస్తే అనంతం. ఏతో మారదు కాబట్టి బలంలో దీని జాడ ఉండదు.
– మిగిలేది. మీకు కావలసింది ఇదే.

సమాకలనం ఒక్కటే తీసేస్తే మొదటిది పోతుంది, రెండోది అలాగే ఉండిపోతుంది. చాలామంది ప్రోగ్రాముల్లో జరిగే రెండో తప్పు ఇది.

నన్నడిగితే కటాఫ్ జోలికే పోవద్దు. ఒక్కో లాండౌ స్థాయినీ ఒక మితిలో కదిలే కణంగా చూడండి. దాని ద్రవ్యరాశి ఎం‌ఎన్, అందులో ఎం‌ఎన్² = ఎం² + (2ఎన్+1)·ఈ·బి. పొడవు ఏ ఉన్న గీత మీద, డిరిక్లే షరతుతో, ఆ కణానికి పరిమిత శూన్యశక్తి ఎప్పటినుంచో తెలిసిందే:

−(ఎం‌ఎన్/2π) · Σ కే₁(2·జె·ఏ·ఎం‌ఎన్)/జె, జె = 1, 2, 3…

కే₁ అంటే మారిన బెసెల్ ఫంక్షన్, రెండో రకం, మొదటి ఆర్డర్. కణం, ప్రతికణం రెండూ ఉన్నాయి కాబట్టి 2తోనూ, స్థితుల సాంద్రత ఈ·బి/2πతోనూ గుణించాలి. యూనిట్ వైశాల్యానికి:

శక్తి = −(ఈ·బి/2π²) · Σఎన్ Σజె ఎం‌ఎన్ · కే₁(2·జె·ఏ·ఎం‌ఎన్)/జె

సరిచూసుకోవడం తేలికే. ఎం సున్నా పెట్టి, బి సున్నా వైపు తీసుకెళితే ఎన్ మీద మొత్తం సమాకలనంగా మారుతుంది, జవాబు −π²/(720·ఏ³) రావాలి. ఒక్కో నిజ స్కేలార్‌కి −π²/(1440·ఏ³), ఇక్కడ రెండున్నాయి కాబట్టి దానికి రెట్టింపు. ఈ పరీక్ష నెగ్గని ప్రోగ్రామ్‌లో క్షేత్రం ఆన్ చేయడం దండగ.

సున్నాకిదగ్గర:
బాబు గారి సూత్రాన్ని కంప్యూటర్ మీద నడిపేవాళ్ళకు కొన్ని ఆచరణ మాటలు.

ద్రవ్యరాశి సున్నా అయితే జవాబు ఒకే సంఖ్య మీద ఆధారపడుతుంది: β = ఈ·బి·ఏ². అంటే పలకల దూరాన్ని అయస్కాంత దైర్ఘ్యంతో భాగించి వర్గం చేస్తే వచ్చేది. అయస్కాంత దైర్ఘ్యం 1 టెస్లా దగ్గర 25.7 నానోమీటర్లు, 10 టెస్లా దగ్గర 8.1, క్షేత్రపు వర్గమూలానికి విలోమంగా తగ్గుతుంది. కొలతలన్నీ ఏతో భాగించేసి μ = √((2ఎన్+1)β) పెట్టుకుంటే, క్షేత్రం లేనప్పటి శక్తితో నిష్పత్తి ఇలా వస్తుంది:

నిష్పత్తి = (360·β/π⁴) · ΣΣ μ·కే₁(2·జె·μ)/జె

ఎక్కడ ఆపాలి? 2·జె·μ విలువ 40 దాటితే కే₁ 10⁻¹⁸ కంటే చిన్నది, డబుల్ ప్రెసిషన్‌లో ఇక కూడాల్సిన పని లేదు. అంటే ఎన్ సుమారు 200/β వరకు. β = 1కి రెండు వందల స్థాయిలు చాలు. β = 0.01కి ఇరవై వేలు కావాలి, కింది స్థాయిలకు జె కూడా 200 దాకా వెళ్ళాలి. అది కూడా పెద్ద పనేం కాదు గానీ β ఇంకా తగ్గేకొద్దీ ఈ దారి వృథా శ్రమ. అక్కడ ష్వింగర్ ప్రాపర్ టైమ్ రూపానికి మారండి:

నిష్పత్తి = (90/π⁴) · Σజె జె⁻⁴ · ∫ యు·ఘాతం(−యు)·జి(β·జె²/యు) డి‌యు, జి(ఎక్స్) = ఎక్స్/సైన్‌హెచ్(ఎక్స్)

సమాకలనం సున్నా నుంచి అనంతం దాకా. ఎక్స్ పెద్దదైతే సైన్‌హెచ్ ఓవర్‌ఫ్లో కొడుతుంది. 2·ఎక్స్·ఘాతం(−ఎక్స్)/(1−ఘాతం(−2ఎక్స్)) అని రాసుకుంటే ఆ గొడవ ఉండదు. ఎక్స్ సున్నాకి దగ్గరైతే 1 − ఎక్స్²/6 వాడండి.

రెండు దారుల్లోనూ ఒకే జవాబు వస్తే మీ ప్రోగ్రామ్‌ని నమ్మొచ్చు. పోల్చుకోవడానికి రెండు విలువలు ఇస్తున్నాను: β = 1 దగ్గర 0.82, β = 10 దగ్గర 0.11. β = 1లో అట్టడుగు లాండౌ స్థాయి ఒక్కటే మొత్తంలో మూడింట రెండు వంతులు. β = 10కి వచ్చేసరికి 98 శాతం దాటిపోతుంది.

శూన్యబిందువు:
రెండూ సరిపోయాయి, 0.82, 0.11. అంటే క్షేత్రం ఆకర్షణని చంపేస్తోంది. మరి పెరుగుతుందని రాసినవాళ్ళ మాట?

గేజ్‌గంగాధరం:
వాళ్ళు ఫెర్మియాన్ గురించి రాసి ఉంటారు. బోసాన్‌కి తగ్గడం, ఫెర్మియాన్‌కి పెరగడం రెండూ నిజమే. కూగో-పింటో, ఫరీనా, టోర్ట్ బృందం 1990ల చివర్లోనే రెండు కేసులూ విడివిడిగా చేసి చూపించింది.

కారణమంతా అట్టడుగు మెట్టులో ఉంది. స్పిన్ లేని కణానికి అతి తక్కువ స్థాయి ఎం² + ఈ·బి. క్షేత్రం పెంచితే అది పైకి జరుగుతుంది, ద్రవ్యరాశి పెరిగినట్టే ప్రవర్తిస్తుంది, కాబట్టి ఘాతం(−2·ఏ·√(ఈ·బి)) చొప్పున శక్తి పడిపోతుంది. డిరాక్ కణానికి సూత్రం ఎం² + 2·ఎన్·ఈ·బి + పొడవు వెంట వచ్చే భాగం. స్పిన్ అయస్కాంత శక్తి కక్ష్య శక్తిని ఎన్ = 0 దగ్గర సరిగ్గా రద్దు చేస్తుంది. కాబట్టి ఆ మెట్టు కదలదు. పైగా అందులో పట్టే కణాల సంఖ్య ఈ·బి/2π, క్షేత్రంతో పాటు పెరుగుతూనే ఉంటుంది. మెట్టు ఎత్తు అంతే, జనం మాత్రం పెరుగుతున్నారు.

లెక్క: ద్రవ్యరాశి లేని డిరాక్ కణం, ఎంఐటీ బ్యాగ్ షరతు (పలకల గుండా కణ ప్రవాహం బయటికి పోదు). పొడవు వెంట తరంగ సంఖ్యలు (ఎల్+½)π/ఏ, ఎల్ = 0 నుంచి. ఎన్ = 0కి ఒకే స్పిన్, మిగతా అన్నిటికీ రెండు. ఈ ఒకటి–రెండు తేడా మరిచిపోతే క్షేత్రం సున్నాకి వెళ్ళినా మీకు తప్పు వెంటనే కనిపించదు. ఎందుకంటే అక్కడ ఎన్ = 0 వాటా ఎలాగూ సున్నానే. పెద్ద క్షేత్రంలో మాత్రం జవాబు రెండింతలు వస్తుంది. కాబట్టి రెండు చివర్లా పరీక్షించాలి.

– బి సున్నా: −7π²/(2880·ఏ³). ఇది జాన్సన్ 1975లో ఇచ్చిన విలువ.
– బి బాగా పెద్దది: −ఈ·బి/(48·ఏ). అట్టడుగు స్థాయి ఒక్కటే, కచ్చితమైన విలువ. హర్విట్జ్ జీటాతో ఒక్క లైన్‌లో వచ్చేస్తుంది: ½తో మొదలయ్యే శ్రేణికి −1 దగ్గర విలువ 1/24.

మధ్యలో ఎన్ ≥ 1 స్థాయిలకు బాబు గారి కే₁ శ్రేణే, కాకపోతే జె పదానికి (−1) ఘాతం (జె+1) తగులుతుంది, μ = √(2·ఎన్·β). నిష్పత్తి β = 1 దగ్గర 1.36, β = 10 దగ్గర 8.70. ఆ తర్వాత 0.868·β అనే సరళరేఖ మీద కూర్చుంటుంది.

ఒక హెచ్చరిక. "పెరుగుతుంది" అంటే పరిమాణం పెరుగుతుందని. బ్యాగ్ షరతు బదులు ఆవర్తక షరతు పెడితే ఫెర్మియాన్‌కి సున్నా క్షేత్రంలోనే గుర్తు ప్లస్. క్షేత్రం ఆ ప్లస్‌నే ఇంకా పెంచుతుంది. షరతు చెప్పకుండా "ఆకర్షణ పెరిగింది" అనడం సగం మాట.

పలకలవెలుపల:
లెక్కలు బాగున్నాయి. ద్రవ్యరాశి సున్నా అన్న ఊహ ఎంత ఖరీదైనదో కూడా ఎవరో ఒకరు చెప్పాలి కదా.

విడిగా తిరిగే ఆవేశిత కణాల్లో తేలికైనది ఎలక్ట్రాన్. దాని తగ్గించిన కాంప్టన్ తరంగదైర్ఘ్యం 386 ఫెమ్టోమీటర్లు. పలకల దూరం 100 నానోమీటర్లు అనుకుంటే ఘాతం(−2·ఎం·ఏ)లో ఘాతాంకం సుమారు 5,20,000. ఆ ఘాతం విలువకి ఒక కోటిని గుణించినా, కోటి కోట్లను గుణించినా సున్నాయే. అట్టడుగు మెట్టులో జనం పెరిగారన్న గంగాధరం గారి లాభమంతా అందులో కొట్టుకుపోతుంది. పలకల మధ్య కొలిచే కాసిమిర్ బలం ఫోటాన్‌ది, దానికి ఆవేశం లేదు, అయస్కాంత క్షేత్రం దాన్ని నేరుగా తాకదు. 1 మైక్రోమీటర్ దూరంలో ఆదర్శ లోహాలకి ఆ పీడనం 1.3 మిల్లీపాస్కల్. ఎలక్ట్రాన్ వాటా అందులో ఎక్కడా కనిపించదు.

ఈ లెక్క అర్థవంతమయ్యే చోటు కావాలంటే ఫెమ్టోమీటర్ల లోకానికి వెళ్ళాలి. బ్యాగ్ నమూనాలో క్వార్క్‌కి దూరం సుమారు 1 ఫెమ్టోమీటర్, అప్, డౌన్ క్వార్క్‌ల ద్రవ్యరాశి కొన్ని మెగా ఎలక్ట్రాన్ వోల్టులే. భారీ అయాన్లు ఢీకొన్నప్పుడు క్షణకాలం పుట్టే క్షేత్రంలో ఈ·బి విలువ పయాన్ ద్రవ్యరాశి వర్గం స్థాయికి చేరుతుందని అంచనా, అంటే 3.3×10¹⁴ టెస్లా. అక్కడ β సుమారు 0.5; అప్ క్వార్క్ ఆవేశం మూడింట రెండు వంతులు కాబట్టి 0.33. నిష్పత్తి 1 నుంచి కాస్త కదులుతుంది, అంతే. పైగా ఆ క్షేత్రం నిలకడగా ఉండదు, ఏకరీతిగానూ ఉండదు.

శూన్యబిందువు:
అర్థమైంది. ఇంకో సందేహం. బాబు గారు "ఏకి అనులోమంగా ఉండే పదం" పారేయమన్నారు. క్షేత్రం ఉన్నప్పుడు ఆ పదంలో కూడా బి ఉంటుంది కదా. దాన్ని పారేస్తే ఆయిలర్–హైజెన్‌బర్గ్ శక్తిని (అయస్కాంత క్షేత్రం వల్ల శూన్యానికే వచ్చే శక్తిని) పారేసినట్టు కాదా?

గేజ్‌గంగాధరం:
సరైన చోటే పట్టుకున్నారు. ఆ పదంలో మూడు పొరలున్నాయి. బి లేని అనంతం: దాన్ని నిస్సంకోచంగా తీసేయొచ్చు. బి² తో వచ్చే లాగరిథమిక్ అనంతం: దాన్ని తీసేయకూడదు, ఆవేశం రీనార్మలైజేషన్‌లోకి చేర్చాలి. ఆ తర్వాత మిగిలేది పరిమితమైనది, నిజమైనది. అదే 1936లో హైజెన్‌బర్గ్, ఆయిలర్ ఎలక్ట్రాన్‌కి ఇచ్చింది, అదే ఏడు వైస్‌కాఫ్ స్కేలార్‌కి కూడా ఇచ్చాడు.

బలహీన క్షేత్రంలో లెక్క చేతితోనే చేయొచ్చు. స్పిన్ సగం కణానికి ఎక్స్·కాత్(ఎక్స్) = 1 + ఎక్స్²/3 − ఎక్స్⁴/45, స్కేలార్‌కి ఎక్స్/సైన్‌హెచ్(ఎక్స్) = 1 − ఎక్స్²/6 + 7ఎక్స్⁴/360. లాగ్రాంజియన్‌లో (ఇక్కడ శక్తి అంటే దానికి మైనస్ గుర్తు) వీటి ముందు ఉండే గుణకం స్పిన్ సగానికి −1/8π², స్కేలార్‌కి +1/16π². ఎక్స్² పదాలు రెండిటికీ ఒకే గుర్తుతో, 4:1 నిష్పత్తిలో వస్తాయి. క్వాంటమ్ విద్యుద్గతి శాస్త్రంలో బీటా ఫంక్షన్‌కి రెండు కణాల వాటాలు సరిగ్గా ఆ నిష్పత్తిలోనే ఉంటాయి. ఎక్స్⁴ పదాలూ ఒకే గుర్తు, 16:7. కాబట్టి రీనార్మలైజేషన్ తర్వాత ఇద్దరూ శక్తిని తగ్గిస్తారు. "ఫెర్మియాన్‌కి మైనస్, బోసాన్‌కి ప్లస్" అని కళ్ళు మూసుకుని గుర్తు వేసేవాళ్ళు ఇక్కడే బోల్తా పడతారు. పలకల వల్ల వచ్చే భాగంలో ఇద్దరూ వేరు దారులు పట్టడానికి, ఇక్కడ ఒకే దారిలో నడవడానికి మధ్య వైరుధ్యం లేదు. రెండూ వేర్వేరు భాగాలు.

ఎలక్ట్రాన్‌కి పరిమాణం: మామూలు అయస్కాంత శక్తి సాంద్రతలో α/(45π)·(బి/బి‌క్రిటికల్)² వంతు. α అంటే సూక్ష్మ నిర్మాణ స్థిరాంకం. క్రిటికల్ క్షేత్రం 4.41×10⁹ టెస్లా. 10 టెస్లాకి ఇది 2.7×10⁻²² వంతు.

పలకలవెలుపల:
ఇక్కడే అసలు తగవు. ఆ ఘనపరిమాణ శక్తి పలకల మీద బలం ఇస్తుందా? యూనిట్ వైశాల్యానికి శక్తి ఏకి అనులోమంగా, మైనస్ గుర్తుతో ఉంటే, ఏ పెరిగేకొద్దీ శక్తి తగ్గుతుంది. అంటే పలకలు విడిపోవాలి. వికర్షణ, అదీ దూరంతో సంబంధం లేకుండా. సిటెంకో 2010ల మధ్యలో వరుసగా రాసిన వ్యాసాల్లో తేల్చింది ఇదే: క్షేత్రం తగినంత బలంగా, పలకలు తగినంత దూరంగా ఉంటే సరిహద్దు షరతు ఏదైనా బలం వికర్షణే.

గణితంలో వంక పెట్టడానికి లేదు. కానీ క్వాంటమ్ క్షేత్రం పలకల లోపలే ఉంది, బయట లేదు అనుకుంటేనే అది నిలుస్తుంది. బయట కూడా అదే బి, అదే ఎలక్ట్రాన్ శూన్యం ఉంటే రెండు వైపులా ఒకే పీడనం, మిగిలేది సున్నా. ఏ లోహపు పలకైనా మిథ్యా ఎలక్ట్రాన్లని లోపల బంధించలేదు. లంబంగా వచ్చే క్షేత్రం పలకని దాటి అటువైపూ ఉంటుంది.

గేజ్‌గంగాధరం:
బయటి వైపు సంగతి ఒప్పుకుంటాను. కానీ దాన్ని "తప్పు" అనను. బంధించిన పదార్థ క్షేత్రం అన్నది ఆయన మొదట్లోనే పెట్టిన షరతు. డిరాక్ హామిల్టోనియన్ స్వయం-అనుబద్ధంగా ఉండే సరిహద్దు షరతులన్నీ తీసుకుని లెక్క చేశారు. ఆ షరతు తీర్చే వ్యవస్థ దొరికితే ఫలితం వర్తిస్తుంది.

పలకలవెలుపల:
దొరికినా కొలవాలిగా. సంఖ్యలు వేద్దాం. ఆ పీడనం బలహీన క్షేత్రంలో బి⁴ చొప్పున పెరుగుతుంది, 10 టెస్లా దగ్గర 10⁻¹⁴ పాస్కల్. 1 మైక్రోమీటర్ దూరంలో ఫోటాన్ కాసిమిర్ పీడనంతో సమానం కావాలంటే సుమారు 6,000 టెస్లా కావాలి. దూరం 10 మైక్రోమీటర్లు చేస్తే కాసిమిర్ పదివేల వంతుకి పడిపోతుంది, సుమారు 600 టెస్లా చాలు. వినడానికి దగ్గరగా ఉంది; 2018లో టోక్యోలో ఫ్లక్స్‌ని కుదించి 1,200 టెస్లా సాధించారు. అయితే అది కొన్ని మైక్రోసెకన్లు ఉండి, కాయిల్‌ని పేల్చేసి పోతుంది. ఆ వ్యవధిలో 10⁻⁷ పాస్కల్ పీడనాన్ని కొలవడం అనేది కాగితం మీదే బాగుంటుంది. స్థిరంగా నిలిచే క్షేత్రాలు ఇప్పటికీ 45 టెస్లా దగ్గరే ఉన్నాయి.

కొలతబద్ద:
కొలత మాట వచ్చింది కాబట్టి ప్రయోగశాల వైపు నుంచి. ఫోటాన్ కాసిమిర్ బలం మీదే బి ప్రభావం చూద్దామని అయస్కాంతం మధ్యలో అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోప్ పెట్టేవాళ్ళు ముందు ఈ లెక్క చూడండి.

100 మైక్రోమీటర్ల వ్యాసార్ధం ఉన్న గోళం, ఎదురుగా చదును పలక, దూరం 1 మైక్రోమీటర్. ఆదర్శ లోహానికి బలం π³·హెచ్‌బార్·సి·ఆర్/(360·ఏ³), అంటే 0.27 పికోన్యూటన్. గోళం పాలీస్టైరీన్ అయితే దాని అయస్కాంత ససెప్టిబిలిటీ సుమారు −8×10⁻⁶. క్షేత్రం 1 టెస్లా, ప్రవణత మీటరుకి 0.1 టెస్లా మాత్రమే అయినా గోళం మీద డయామాగ్నెటిక్ బలం 2.7 పికోన్యూటన్లు. మీరు కొలవాలనుకున్నదానికి పది రెట్లు. మంచి సోలనాయిడ్‌లో కూడా నమూనా కేంద్రం నుంచి కాస్త పక్కకి జరిగితే ఆ ప్రవణత వచ్చేస్తుంది.

విడదీయడం కుదురుతుంది, ఎందుకంటే ఆ బలం ఒకటి రెండు మైక్రోమీటర్ల కదలికలో మారదు, కాసిమిర్ మాత్రం ఏ³కి విలోమంగా పడిపోతుంది. కాబట్టి బలాన్ని కొలవకండి, బల ప్రవణతని కొలవండి: కాంటిలివర్ ఫ్రీక్వెన్సీ మార్పుని దూరంతో పాటు రికార్డు చేయండి. అప్పుడు ఎదురయ్యే చిక్కులు, నా అంచనాలో తీవ్రత క్రమంలో:

మొదటిది, క్షేత్రంలో కంపించే లోహపు పూతలో ఎడ్డీ కరెంట్లు. క్వాలిటీ ఫ్యాక్టర్ పడిపోతుంది, ఫ్రీక్వెన్సీ కూడా కాస్త జరుగుతుంది. ప్రతి బి విలువ దగ్గరా పలకని 20 మైక్రోమీటర్లు వెనక్కి లాగి, అక్కడి ఫ్రీక్వెన్సీని సున్నాగా తీసుకోవాలి.

రెండోది, ప్యాచ్ పొటెన్షియల్స్, అంటే లోహపు ఉపరితలం మీద చోటు చోటుకీ మారే వోల్టేజ్. 10 మిల్లీవోల్టుల తేడా 1 మైక్రోమీటర్ దూరంలో 0.44 మిల్లీపాస్కల్ ఇస్తుంది, కాసిమిర్‌లో మూడో వంతు. ఒకసారి వోల్టేజ్ సరిచేసి వదిలేస్తే కుదరదు. దూరం మారినప్పుడల్లా, క్షేత్రం మారినప్పుడల్లా కనిష్ఠాన్ని మళ్ళీ వెతకాలి.

మూడోది, పూత కింద అంటుకోవడానికి వేసే పొర. అందులో నికెల్ ఉంటే ఇక అంతే, బలం మొత్తం దానిదే. క్రోమియం లేదా టైటానియం వాడండి. స్క్రూలు, స్ప్రింగులు కూడా బెరీలియం రాగివే ఉండాలి.

శూన్యబిందువు:
అంత శ్రమపడి చూస్తే క్షేత్రంతో నిజంగా మారే ప్రభావం ఏదైనా ఉందా?

కొలతబద్ద:
బంగారంలో ఆశ లేదు. రెండు మితుల ఎలక్ట్రాన్ వ్యవస్థల్లో సిద్ధాంతం ఉంది. లంబ క్షేత్రంలో గ్రాఫీన్ లాంటి పొరలు క్వాంటమ్ హాల్ స్థితికి వెళితే, పెద్ద దూరాల్లో వాటి మధ్య కాసిమిర్ బలం 3·హెచ్‌బార్·సి·α²/(8π²·డి⁴) అనే ముక్కల్లో మెట్లు మెట్లుగా మారుతుందని ట్సే, మెక్‌డొనాల్డ్ 2012లో లెక్కగట్టారు. రెండు పొరల్లో ఒకే రకం వాహకాలుంటే వికర్షణ, వేర్వేరు రకాలైతే ఆకర్షణ. గేట్ వోల్టేజ్‌తో గుర్తు మార్చొచ్చన్నమాట. అసలు సంగతి, ఇక్కడ లాండౌ స్థాయిలు పలకల్లోని ఎలక్ట్రాన్లవి, మధ్యలోని శూన్యానివి కావు. α² ఉండటం వల్ల పరిమాణం చిన్నది: 1 మైక్రోమీటర్ దగ్గర ఒక మెట్టు 6.4×10⁻⁸ పాస్కల్, ఆదర్శ లోహంలో ఇరవై వేల వంతు.

శూన్యం మీద అయస్కాంత ప్రభావాన్ని నేరుగా చూడాలనుకుంటే బలం కంటే కాంతి మంచి సాధనం. ఆయిలర్–హైజెన్‌బర్గ్ ప్రకారం రెండు ధ్రువణాలకు వక్రీభవన గుణకాల తేడా 4×10⁻²⁴·బి², బి టెస్లాల్లో. ఇటలీలోని పీవీఎల్‌ఏఎస్ ప్రయోగం 2.5 టెస్లా తిరిగే అయస్కాంతాలతో, పొడవైన ఫాబ్రీ–పెరో కుహరంతో (12±17)×10⁻²³ దాకా వచ్చి ఆగింది. అక్కడ రావలసింది 2.5×10⁻²³. అంటే శబ్దం సంకేతానికి ఏడు రెట్లు. వాళ్ళని ఆపింది అద్దాల పూతల్లోని ఉష్ణ శబ్దం. అద్దాల మధ్య ఎక్కువసార్లు తిప్పితే సంకేతం, శబ్దం రెండూ ఒకే పాళ్ళలో పెరుగుతాయి, కాబట్టి ఫినెస్ పెంచి లాభం లేదు.

బెసెల్‌బాబు:
క్షేత్రం పలకలకు సమాంతరంగా ఉంటే ఏమవుతుందని ఎవరూ అడగలేదు, కానీ ఈ దారం చదివి ఎవరో ఒకరు ప్రయత్నిస్తారు. పై సూత్రాలేవీ అక్కడ పనికిరావు. ఎన్, ఎల్ విడిపోవు. పలకకి దగ్గరి కక్ష్యలు గోడకి తగిలి వంగుతాయి, స్థాయి శక్తి కక్ష్య కేంద్రం ఎక్కడుందనేదాని మీద ఆధారపడుతుంది. ప్రతి కేంద్ర స్థానానికీ పారబోలిక్ సిలిండర్ ఫంక్షన్ల డిటర్మినెంట్ సున్నా అయ్యే చోట్లు వెతకాలి. ఆ సున్నాలను ఒక్కొక్కటిగా వెతికి కూడటం కంటే, శక్తిని ఊహా అక్షం మీదికి తిప్పి డిటర్మినెంట్ లాగరిథమ్‌ని సమాకలనం చేయడం మేలు. అక్కడ కంపనాలు లేవు, సున్నాలు జారిపోయే భయం లేదు. రిఫరెన్స్‌గా ఒక్కో పలక ఒంటరిగా ఉన్నప్పటి డిటర్మినెంట్లని తీసేస్తే ఉపరితల పదాలు కూడా పోతాయి.

సున్నాకిదగ్గర:
ఇంకొక్కటి. ఇదే ప్రోగ్రామ్‌లో స్పిన్ 1 పెట్టి చూసేవాళ్ళుంటారు, డబ్ల్యూ బోసాన్ లాంటిదాన్ని. దాని స్పిన్ అయస్కాంత గుణకం జి = 2 కాబట్టి అట్టడుగు స్థాయి ఎం² − ఈ·బి. క్షేత్రం ఎం²/ఈ దాటగానే వర్గమూలం కింద రుణసంఖ్య వస్తుంది, డబ్ల్యూకి అది 1.1×10²⁰ టెస్లా. ప్రోగ్రామ్ నాన్ (NaN, సంఖ్య కాదు) అని చూపిస్తే అది బగ్ కాదు. నీల్సన్, ఒలెసెన్ 1978లో గ్లూయాన్ క్షేత్రాలకు చూపించిన అస్థిరత లాంటిదే. అక్కడ శూన్యం అన్న ఊహే చెల్లదు, కాబట్టి పరమ విలువ తీసుకునో, కాల్పనిక భాగాన్ని పారేసో ముందుకెళ్ళకండి. పలకల మధ్య అయితే (π/ఏ)² కూడా కలుస్తుంది కాబట్టి, డిరిక్లే షరతుతో అస్థిరత మొదలయ్యే క్షేత్రం కాస్త పైకి జరుగుతుంది: ఈ·బి = ఎం² + (π/ఏ)². ద్రవ్యరాశి సున్నా అయితే β = π² దగ్గర. ప్రోగ్రామ్‌లో ఆ పరీక్ష ముందే పెట్టి, β దాన్ని దాటితే ఆపేయండి.